‘పాస్’ అయిన ఇంజన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటున్నాం. రెండేళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్‌లో 2022 మోడల్ క్యాడిలాక్ ఎస్కలేడ్ కొన్నాం. 6.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఉన్న బండి. ఇప్పటికి 60 వేల మైళ్ళు దాటింది, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఇంజన్లో లోపం ఉండొచ్చని కంపెనీ బండ్లను వెనక్కి పిలుస్తూ రీకాల్ లెటర్ పంపితే డీలర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఇంజన్ పరీక్షలో ‘పాస్’ అయిందని చెప్పి, చిక్కటి ఆయిల్ పోసి, ఆయిల్ మూత మార్చి పంపించారు. కానీ మా తెలుగు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇదే ఇంజన్ హైవే మీద ఆగిపోయిందని రోజుకొకరు ఏదో ఒకటి పెడుతున్నారు. పాసైన ఇంజన్లు కూడా పోయాయని అంటున్నారు. అప్పటి నుంచి మా ఆవిడ ఆ బండిలో పిల్లలతో ఫ్రీవే ఎక్కనంటోంది. వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్ళని హ్యూస్టన్ పక్కనున్న పేర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి తీసుకెళ్ళాలని అనుకున్నాం. ఈ బండిలో వెళ్ళమంటారా? అసలు అమ్మేయమంటారా? ఒక స్నేహితుడు కొంటానని అడుగుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ ఆవిడ భయానికి కారణం ఉంది. ముందు ఆ మాట ఒప్పుకుని మొదలుపెడదాం. డీలర్ ‘పాస్’ అనగానే మీరు ఊపిరి పీల్చుకున్నారు, ఆమె పీల్చుకోలేకపోయారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఆ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిస్తే మిగతా నిర్ణయాలు మీకే తేలికవుతాయి.

ముందు జరిగిన సంగతి. మీ బండిలో ఉన్నది జనరల్ మోటార్స్ వాళ్ళ ఎల్87 అనే వీ8 ఇంజన్. ఇదే ఇంజన్ ఎస్కలేడ్‌తో పాటు షెవర్లే టాహో, సబర్బన్, సిల్వరాడో 1500, జీఎంసీ యూకన్, సియెరా 1500 బండ్లలో కూడా పెట్టారు. 2025 జనవరిలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దీని మీద దర్యాప్తు మొదలుపెట్టింది. ఆ దర్యాప్తు పరిధిలోకి వచ్చిన బండ్లు సుమారు 8,77,000. ఏప్రిల్ చివర్లో కంపెనీయే రీకాల్ ప్రకటించింది. 2021 నుంచి 2024 వరకు మోడళ్ళలో అమెరికాలో 5,97,630 బండ్లు, ప్రపంచం మొత్తం మీద దాదాపు 7,21,000. డీజిల్ ఇంజన్ ఉన్న ఎస్కలేడ్‌లకు దీనితో సంబంధం లేదు. గ్రూపులో డీజిల్ బండి ఓనర్లు ఎవరైనా కంగారు పడుతుంటే ఈ మాట చెప్పండి.

లోపం ఎక్కడుందంటే, ఇంజన్ అడుగు భాగంలో. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆ కదలికను తిరుగుడుగా మార్చేది క్రాంక్‌షాఫ్ట్. ఆ రెండింటినీ కలిపేది కనెక్టింగ్ రాడ్. రాడ్ వెళ్ళి క్రాంక్‌షాఫ్ట్‌ని పట్టుకునే చోట పల్చటి లోహపు బేరింగ్‌లు ఉంటాయి. ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు అక్కడ లోహం లోహాన్ని తాకదు, మధ్యలో వెంట్రుక కంటే సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే శక్తి అంతా ఆ పొర మీదే ఆధారపడుతుంది. ఆయిల్ అక్కడికి క్రాంక్‌షాఫ్ట్ లోపల తొలిచిన సన్నని దారుల గుండా వస్తుంది.

కంపెనీ చెప్పిన కారణాలు రెండు. కొన్ని ఇంజన్లలో తయారీ సమయంలో మిగిలిపోయిన మడ్డి కనెక్టింగ్ రాడ్‌ల దగ్గర, ఈ ఆయిల్ దారుల్లో ఉండిపోయింది. కొన్నింటిలో క్రాంక్‌షాఫ్ట్ కొలతలూ, దాని పైపొర నునుపూ ఉండాల్సినట్టు లేవు. మొదటిది అన్నంలో రాయి లాంటిది, ఎప్పుడు పంటి కిందికి వస్తుందో తెలియదు. రెండోది పుట్టుకతోనే వచ్చిన లోపం. రెండింట్లోనూ చివరికి జరిగేది ఒకటే. ఆయిల్ పొర తెగుతుంది, బేరింగ్ అరుగుతుంది, సందు పెరుగుతుంది, ఆ సందు నుంచి ఆయిల్ ఒత్తిడి జారిపోతుంది. ఒత్తిడి తగ్గేకొద్దీ అరుగుదల ఇంకా వేగం అందుకుంటుంది. చివరికి బేరింగ్ పట్టేస్తుంది, లేదా రాడ్ విరిగి ఇంజన్ బ్లాక్‌కి చిల్లు పెడుతుంది. హైవే మీద బండి హఠాత్తుగా శక్తి కోల్పోయిందంటే అది ఈ దశే.

ఇప్పుడు మీ ‘పాస్’ సంగతికి వద్దాం. డీలర్ దగ్గర చేసిన పరీక్ష ఆ రోజుకు బేరింగ్ దెబ్బతిన్న లక్షణాలు ఉన్నాయా అని చూసింది. లేవు కాబట్టి పాస్. అది నిజమైన కబురే, తీసిపారేయకండి. కానీ ఆయిల్ దారిలో ఎక్కడైనా మడ్డి ఇరుక్కుని ఉంటే, అది ఇంకా కదలకపోతే, ఏ పరీక్షకూ దొరకకపోవచ్చు. ఇంజన్ విప్పి చూడలేదు కదా. అందుకే పాసైన తర్వాత కూడా ఇంజన్ పోయిందని కొందరు ఓనర్లు చేసిన ఫిర్యాదులను పుకార్లని కొట్టిపారేయలేం.

చిక్కటి ఆయిల్ విషయంలో కూడా అంతే. మీ బండికి మొదట రాసింది 0డబ్ల్యూ-20. ఇప్పుడు పోసింది 0డబ్ల్యూ-40. ముందున్న సున్నా చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, అది మారలేదు. వెనకున్న 40 ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. చిక్కటి ఆయిల్ అంటే బేరింగ్ దగ్గర మందమైన పొర. కాస్త తేడా ఉన్న క్రాంక్‌షాఫ్ట్‌కి అది నిజంగానే రక్షణ ఇస్తుంది. టెక్సస్ ఎండల్లో ఇంకా మేలు. మైలేజీ కొద్దిగా తగ్గొచ్చు, దాని గురించి పట్టించుకోకండి. కానీ ఏ ఆయిలూ క్రాంక్‌షాఫ్ట్ కొలతను సరిచేయలేదు. దాన్ని రక్షణగా చూడండి, మరమ్మతుగా కాదు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. 2024 మే నెలలో టయోటా కూడా ఇలాంటి రీకాలే చేసింది. టండ్రా ట్రక్కుల్లో, లెక్సస్ ఎల్ఎక్స్ 600లో వాడిన టర్బో వీ6 ఇంజన్ల లోపల తయారీలో మిగిలిన లోహపు తునకలు ఉండిపోయాయని దాదాపు 1,02,000 బండ్లను వెనక్కి పిలిచింది. ఆ బండ్లకు ఇంజన్లే మార్చాలని నిర్ణయించుకుంది. జనరల్ మోటార్స్ తన బండ్లలో సుమారు 3 శాతంలోనే లోపం ఉంటుందని అంచనా వేసి, పరీక్షలో ఫెయిలైన వాటికి మాత్రమే రిపేరు లేదా కొత్త ఇంజన్ ఇస్తామంది. ఆరు లక్షల ఇంజన్లు మార్చడం మాటలు కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ లక్ష డాలర్ల దాకా పోసి కుటుంబం కోసం కొన్న బండిలో ‘మీది ఆ మూడు శాతంలో ఉందో లేదో నడుపుతూ చూడండి’ అన్నట్టు మిగిలిపోయిన ఓనర్ల కోపం న్యాయమైనదే.

అయితే పాసైన బండ్లకు కంపెనీ ఒక హామీ ఇచ్చింది. ఈ లోపానికి సంబంధించి 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళు, ఏది ముందైతే అది, ప్రత్యేక కవరేజీ. మామూలుగా క్యాడిలాక్ ఇంజన్ వారంటీ 6 ఏళ్ళు లేదా 70,000 మైళ్ళే. మీ బండి ఆ 70 వేలకు దగ్గర పడుతోంది కాబట్టి ఈ పొడిగింపే మీ చేతిలోని అసలు ఆస్తి. సర్వీస్ అడ్వైజర్ నోటి మాటతో ఊరుకోకండి. మీ విన్ నంబరుకు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఆ కవరేజీ నమోదై ఉన్నట్టు ప్రింట్ తీసి ఇమ్మనండి. అది క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్, వాటి బేరింగ్‌ల లోపానికి మాత్రమే అని గుర్తుంచుకోండి. ఈ ఇంజన్లో అవసరం లేనప్పుడు కొన్ని సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉంది. దాని లిఫ్టర్లు (వాల్వ్‌లను తెరిచే భాగాలు) పాడైతే టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంది. అది వేరే జబ్బు, ఈ రీకాల్‌లోకి రాదు. గ్రూపులో చాలామంది రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారేమో చూడండి.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది. మీ గ్రూపులో రోజుకొకరు పెడుతున్నారన్నారే, వాళ్ళలో ఎంతమంది ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు రాశారో ఒక్కసారి అడగండి. నేను ఎందుకు అడుగుతున్నానో రెండు అంకెలు చెబితే మీకే అర్థమవుతుంది. 2025 జనవరిలో దర్యాప్తు మొదలైనప్పుడు ఆ సంస్థ చేతిలో ఓనర్లు నేరుగా పంపిన ఫిర్యాదులు 39. ఏప్రిల్‌లో రీకాల్ కాగితాల్లో కంపెనీ తన దగ్గర ఉన్న లెక్క బయటపెట్టింది: ఈ లోపానికి సంబంధించినవి కావచ్చని భావించిన ఫిర్యాదులు, సంఘటనలు అమెరికాలో 28,102. అందులో బండి శక్తి కోల్పోయిందన్నవి 14,332. వీటికి సంబంధం ఉండొచ్చని కంపెనీ చెప్పిన ప్రమాదాలు 12, గాయాలు 12, మంటల ఆరోపణలు 42.

39 ఎక్కడ, 28,102 ఎక్కడ! మిగతా వేలమంది నోరు మూసుకుని కూర్చోలేదు. డీలర్ దగ్గర గొడవపడ్డారు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు, స్నేహితులకు చెప్పుకున్నారు. ఆ మాటలన్నీ కంపెనీ ఫైళ్ళలోకి పోయాయి, లేదా గాలిలో కలిసిపోయాయి. ఓనర్లు నేరుగా ప్రభుత్వ సంస్థకు చేర్చినవి 39. ఇంత పెద్ద దర్యాప్తు మొదలవడంలో ఆ 39 మందికీ పాత్ర ఉంది. ఒక్క ఫిర్యాదుకు ఉన్న విలువ అంత.

ఇంకో మాట కూడా గమనించండి. 5,97,630లో 3 శాతం అంటే 18 వేల లోపే. కంపెనీ దగ్గరికి వచ్చిన ఫిర్యాదులు అంతకంటే చాలా ఎక్కువ. ఆ 28 వేలలో రీకాల్ పరిధి బయటి బండ్లు, చివరికి సంబంధం లేదని తేలేవీ ఉండొచ్చు కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా పోల్చి తీర్పు చెప్పలేం. కానీ 3 శాతం అన్నది అంచనాయే. ఆ అంచనా సరైనదో కాదో తేల్చేది రీకాల్ తర్వాత ఓనర్లు రాసే ఫిర్యాదులే. పాసైన బండి ఇంజన్ పోతే ఆ సంగతి వాట్సాప్‌లో కాదు, ముందు అక్కడ నమోదు కావాలి.

రాయడం కష్టమేమీ కాదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో విన్ నంబరు కొడితే రీకాల్ వివరాలు వస్తాయి, ఫిర్యాదు పెట్టడానికీ అక్కడే చోటు ఉంటుంది. ఏ తేదీన, ఎన్ని మైళ్ళ దగ్గర, ఎంత వేగంలో ఉండగా, ఏ లైటు వెలిగింది, శబ్దం ముందు వచ్చిందా, బండి పక్కకు తీయగలిగారా, లోపల ఎవరున్నారు, రీకాల్ పరీక్ష ఎప్పుడైంది, ఆ తర్వాత ఏ ఆయిల్ పోశారు, డీలర్ కాగితంలో ఏం రాశాడు. ఇంతే. కోపం అక్కర్లేదు, పెద్దది చేసి చెప్పడం అసలే వద్దు. అక్కడి ఇంజనీర్లు చూసేది ఒకే రకం వివరం ఎన్ని బండ్లలో కనిపిస్తోందన్నది. ‘ఈ బండి చెత్త’ అన్న వాక్యం వాళ్ళకు పనికిరాదు. ‘70 మైళ్ళ వేగంలో, ఏ వార్నింగ్ లైటూ లేకుండా, రీకాల్ పరీక్ష పాసైన నాలుగు నెలలకు ఆగిపోయింది’ అన్నది పనికొస్తుంది. మీ పేరూ చిరునామా జనానికి కనిపించవు.

మన వాళ్ళలో ఒక జంకు ఉంటుంది. వీసా మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు రాలేదు, ప్రభుత్వానికి ఫిర్యాదులెందుకు అని వెనకాడతారు. బండి లోపం గురించి రాయడానికి మీ ఇమిగ్రేషన్ స్థితితో ఏ సంబంధమూ లేదు. బండి నడిపే ఎవరైనా రాయొచ్చు.

డీలర్ దగ్గర కూడా ఇదే సూత్రం. ఏ అనుమానం వచ్చినా నోటితో చెప్పి వచ్చేయకండి, రిపేర్ ఆర్డర్ రాయించండి. అందులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే ఉండాలి. ‘శబ్దం వస్తోంది’ అని కాకుండా ‘ఉదయం స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ పెరిగే లోహపు చప్పుడు’ అని. చూసి ‘మాకు వినిపించలేదు’ అంటే, ఆ మాట కూడా కాగితం మీద రాయమనండి. చాలామంది ఆ కాగితం చూసి నిరాశపడి చించేస్తారు. అది వారంటీ ఉండగానే మీరు చెప్పారనడానికి సాక్ష్యం. ఫోన్‌తో వీడియో తీసేటప్పుడు డాష్‌బోర్డ్ మీది మైళ్ళు కూడా కనిపించేలా తీయండి. వీలైతే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి వినిపించండి.

ఏ శబ్దానికి భయపడాలో కూడా చెబుతాను, లేకపోతే ప్రతి చప్పుడుకూ గుండె ఝల్లుమంటుంది. ఈ తరం ఇంజన్లలో పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు టిక్‌టిక్‌మనడం మామూలే, సన్నగా, ఒకే లయలో వినిపిస్తుంది. భయపడాల్సింది లోతైన చప్పుడుకు. సుత్తి దెబ్బలాగా ఇంజన్ అడుగు నుంచి వస్తుంది, బరువు పడినప్పుడు పెరుగుతుంది. దానితో పాటు చెక్ ఇంజన్ లైటు, తొక్కినా బండి తటపటాయించడం, గేర్లు మారడంలో తేడా, ఇంజన్ వేగం అకారణంగా పెరగడం కూడా రీకాల్ కాగితాల్లో చెప్పిన లక్షణాలే. ఆయిల్ ప్రెషర్ తక్కువని ఎర్ర హెచ్చరిక వస్తే మాత్రం ఆలోచించకండి. తర్వాతి ఎగ్జిట్ దాకా లాగుదామని ప్రయత్నించకుండా పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి.

ఆయిల్ విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది, చాలామంది ఇక్కడే జారిపోతారు. బయట షాపులో ఆయిల్ మార్పించుకుంటే వాళ్ళ కంప్యూటర్ మీ మోడల్‌కి పాత 0డబ్ల్యూ-20నే చూపించొచ్చు. కొత్త మూత మీద ఏముందో వాళ్ళు చూడకపోవచ్చు. ఓనర్ మాన్యువల్‌కి డీలర్ జతచేసిన కొత్త కాగితం కారులోనే పెట్టుకుని, పోసే ముందు డబ్బా మీది గ్రేడ్ మీరే చదవండి. డీలర్ దగ్గరే ఆయిల్ మార్పించాలన్న నిర్బంధం లేదు. బయట మార్పించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఒప్పుకోదు. కానీ ‘మీరు ఆయిల్ సరిగా మార్చలేదు’ అన్న వాదన వస్తే నోరు మూయించేది రసీదులే. తేదీ, మైళ్ళు, ఆయిల్ గ్రేడ్ ఉన్న రసీదులు దాచండి. బండి మీకంటే ముందు నడిపిన వాళ్ళ సర్వీస్ చరిత్ర కూడా డీలర్ నుంచి ఇప్పుడే అడిగి తీసుకోండి. రెండు మూడు వారాలకోసారి ఆయిల్ మట్టం చూపించే డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు చేసుకోండి.

మనశ్శాంతి కావాలంటే ఇంకో పని చేయొచ్చు. ఆయిల్ మార్చినప్పుడు పాత ఆయిల్ కొంచెం ల్యాబ్‌కి పంపిస్తే అందులో ఇనుము, రాగి, అల్యూమినియం ఎంతున్నాయో చెబుతారు. ఒక్క రిపోర్టుతో తేలేది తక్కువ. వరసగా రెండు మూడు ఆయిల్ చేంజ్‌ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే, బేరింగ్ అరుగుతోందా లేదా అన్నది తెలుస్తుంది. లోహం పెరుగుతూ పోతే ఆ రిపోర్టులు పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్ళండి. మీ ఆవిడకు కూడా ఇది మాటలతో చెప్పే ధైర్యం కంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

మీ గ్రూపులో కొత్త బండి కొని ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఉంటే వాళ్ళకు టెక్సస్ లెమన్ లా (లోపాలు తగ్గని కొత్త బండ్లు కొన్నవాళ్ళ కోసం ఉన్న చట్టం) గురించి చెప్పండి. దాన్ని చూసేది రాష్ట్ర మోటారు వాహనాల శాఖ. దరఖాస్తు ఫీజు 35 డాలర్లు. కొన్న 24 నెలల్లో లేదా 24,000 మైళ్ళలో ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా తగ్గకపోతే, ప్రాణాపాయం ఉన్న లోపమైతే రెండుసార్లకే, లేదా బదులు బండి ఇవ్వకుండా మొత్తం 30 రోజులు షాపులో ఉంచేసుకుంటే దారి తెరుచుకుంటుంది. ఇంజన్ పార్ట్‌ల కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళకు ఆ 30 రోజుల నియమం చాలా ముఖ్యం. బండి ఏ రోజు ఇచ్చారు, ఏ రోజు తిరిగి ఇచ్చారు అన్నది కాగితం మీద ఉండాలి. దరఖాస్తుకు గడువు ఉంది, ఎదురుచూస్తూ దాన్ని దాటనివ్వకండి. మీది సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి డబ్బు వాపసు, బండి మార్పిడి లాంటివి మీకు వర్తించవు. రీకాల్ రాకముందే సొంత డబ్బుతో ఈ లోపానికి రిపేరు చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, రసీదులతో కంపెనీని రీయింబర్స్‌మెంట్ అడగమనండి. రీకాల్‌తో పాటు దానికీ ఒక ఏర్పాటు ఉండాలన్నది నియమం. కోర్టుల్లో ఓనర్లందరి తరఫున క్లాస్ యాక్షన్ కేసులు కూడా వేశారు. వాటి ఫలితం కోసం చూస్తూ మిగతా పనులు ఆపకండి.

ఈ శీర్షికను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివేవాళ్ళకు ఒక్క మాట. జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలు 2017 చివరికే ఆపేసింది కాబట్టి ఈ రీకాల్ అక్కడ తగలదు. కానీ ఖరీదైన ఎస్‌యూవీ ఇంజన్ పోయి షోరూమ్ చుట్టూ తిరిగేవాళ్ళు అక్కడా తక్కువేమీ కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్ళ లోపు బండ్లకు ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించే నియమం అమల్లోకి వచ్చింది. అది కదలడానికి తగినన్ని ఫిర్యాదులు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. ఇక మీ ఒక్కరి నష్టం కోసమైతే వినియోగదారుల కమిషన్ ఉంది. బండికి చెల్లించిన ధర 50 లక్షలు దాటితే జిల్లా కమిషన్‌కి కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి. రెండు కోట్లు దాటితే జాతీయ కమిషన్. రెండేళ్ళ గడువు ఉంటుంది. షోరూమ్ వాళ్ళు ‘చూస్తున్నాం సార్’ అంటూ నెట్టుకొస్తుంటే ఆ గడువు కరిగిపోతుంది, జాగ్రత్త.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. బండి అమ్మాలా? భయంతో ఇప్పుడు అమ్మొద్దని నా సలహా. రీకాల్ వార్తల వల్ల మీకు సరైన ధర రాదు. బండి బాగా నడుస్తోంది, చేతిలో 10 ఏళ్ళ కవరేజీ ఉంది. ఆ 1,50,000 మైళ్ళ లోపు ఈ లోపం బయటపడితే ఖర్చు కంపెనీది. కవరేజీ మీ విన్ నంబరుకు నమోదు కాలేదని డీలర్ అంటేనో, ఆయిల్ రిపోర్టులో లోహం పెరిగితేనో, లేదా మీ ఆవిడ భయం ఆరు నెలలైనా తగ్గకపోతేనో అమ్మండి. మూడో కారణం మొదటి రెండింటి కంటే చిన్నదేం కాదు. ఇంట్లో ఒకరు ఎక్కలేని బండి ఎంత గొప్పదైనా ఆ ఇంటికి అది సరిపోయే బండి కాదు.

అమ్మితే స్నేహితుడికి అన్నీ చెప్పే అమ్మండి. అమెరికాలో రీకాల్ పూర్తికాని పాత బండిని కూడా అమ్మకుండా ఆపే ఫెడరల్ చట్టం లేదు, అందుకే కొనేవాడికి కాగితాలే దిక్కు. రీకాల్ లెటర్, పాసైన రిపేర్ ఆర్డర్, కవరేజీ ప్రింట్, ఆయిల్ రసీదులు అన్నీ అతని చేతిలో పెట్టండి. కవరేజీ తర్వాతి ఓనర్‌కి కూడా వర్తిస్తుందని డీలర్‌తో రాయించి ఇవ్వండి. అంతా తెలిసి కొంటే అది అతని నిర్ణయం. చెప్పకుండా అమ్మి, రేపు ఏ రాత్రో అతని పిల్లలతో ఐ-45 హైవే పక్కన ఆగిపోతే ఆ స్నేహం మిగలదు.

పేర్‌ల్యాండ్ ప్రయాణానికి ముందు ఊళ్ళోనే రెండు మూడు సార్లు ఫ్రీవే మీద నడపండి, మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని. బండి మామూలుగా ఉంటే వెళ్ళొచ్చని నేననుకుంటున్నాను. కానీ ఆమె వద్దంటే వాదించకండి, ఆ రెండు రోజులకు ఒక మినీవ్యాన్ అద్దెకు తీసుకోండి. డాలస్ నుంచి హ్యూస్టన్ సుమారు 240 మైళ్ళు, మధ్యలో చాలా దూరం ఊళ్ళు పల్చగా ఉంటాయి. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి ఏ బండిలో వెళ్ళినా పగటిపూటే బయల్దేరండి. వాళ్ళ మందులు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతి సంచీలో పెట్టుకోండి, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు ఫోన్‌లో ఉంచుకోండి. దారిలో శక్తి తగ్గిందనిపిస్తే హజార్డ్ లైట్లు వేసి, వేగం ఇంకా ఉండగానే కుడివైపు షోల్డర్‌లోకి (రోడ్డు అంచున బండి ఆపుకునే ఖాళీ) తీయండి. బ్రేక్ గట్టిపడినట్టు అనిపిస్తే పదేపదే కొట్టకుండా ఒకేసారి గట్టిగా అదిమి పట్టండి. కుడి తలుపుల నుంచే అందరూ దిగి, రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడాలి. నాన్నగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. మన పెద్దవాళ్ళు బండి ఆగగానే దిగి బానెట్ దగ్గరికి వెళ్ళిపోతారు.

ఈ వారాంతం డీలర్ దగ్గర నుంచి కవరేజీ ప్రింట్, పాత సర్వీస్ చరిత్ర తెచ్చుకోండి. గ్రూపులో ఇంజన్ పోయిందని రాసిన వాళ్ళందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టి, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి రాశారా అని అడగండి. ఇంగ్లీషులో రాయడానికి ఎవరైనా ఇబ్బంది పడితే మీరు పక్కన కూర్చుని రాయించండి.